గాట్లు వాలిన వైపు

సెవెర్న్ నది ఇవాళ టీ రంగులో ఉంది,
పాలు తక్కువైన టీ.
ఒడ్డునే ఎర్ర ఇసుకరాయి చరియ,
దాని ముఖాన పదకొండు చీకటి నోళ్లు.
కొండ రాలిపోకముందే
వాటిని కాగితం మీదికి దించమన్నారు మమ్మల్ని.

టేపుకి ఒక కొస నేను,
రెండో కొస గ్వెన్‌లియన్.
"మూడు మీటర్ల నలభై!" అని తను అరుస్తుంది,
గుహ ఇంకోసారి అరుస్తుంది.
రాసుకుంటాను,
ఎవరి మాట రాశానో తెలీకుండానే.

మూలన మూడుకాళ్ల మీద స్కానరు
మెల్లగా తల తిప్పుతుంటుంది,
విందులో ఎవరు రాలేదో లెక్కచూసుకునే పెద్దావిడలా.
గోడ దానికి చుక్కలు. కప్పూ చుక్కలే.
కప్పుకి పట్టిన మసి మాత్రం
నా వేలికి అంటింది, దానికి అంటలేదు.

తాకితే చాలు, గోడ రాలుతుంది.
కొలిచిన ప్రతిసారీ
కొంచెం తగ్గిస్తున్నామన్నమాట.
ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.
ఉన్నవి వెడల్పు, ఎత్తు, లోతు, పగుళ్లు,
అన్నిటికీ కింద "ఉపయోగం".
ఆరు గుహలకీ అక్కడ "తెలియదు" అని రాశాను,
కుదురైన దస్తూరీతో.

ఊళ్లో అడిగితే సన్యాసులు తొలిచారంటారు.
రేవు పక్క పబ్బు బోర్డు మీద
గుండు, గడ్డం, లాంతరు.
రాయి తొలిస్తే సన్యాసే తొలవాలి,
సంసారి తొలిస్తే
బోర్డు మీద ఏం బొమ్మ వేస్తారు?

ఏడో గుహ.
మధ్యాహ్నం రెండింటికి ఎండ నీళ్ల మీద పడి
ఎగిరి లోపలికొచ్చింది.
ఏటవాలు వెలుగులో
గోడనిండా గాట్లు లేచి నిలబడ్డాయి.
మిగతా గుహల్లో అవి
కుడి పైనుంచి ఎడమకి దిగుతాయి.
ఇక్కడ ఎడమ పైనుంచి కుడికి.
లేని గునపం ఎత్తి కొట్టి చూశాను.
కుదర్లేదు.
చెయ్యి మార్చాను.

గోడలకి చెవులుంటాయని విన్నాను.
ఈ గోడకి చెయ్యి ఉంది,
పుర్రచెయ్యి.
పొయ్యి దగ్గర ఓపిగ్గా, దగ్గరదగ్గరగా, చేప పొలుసుల్లా.
లోపలి మూలకి వచ్చేసరికి
అంతా తొందర, పెద్దపెద్ద దెబ్బలు.
చలికాలం ముంచుకొచ్చిందో,
ఇంటామెకి నెలలు నిండాయో.

నాలుగింటికి తీర్జా బేచ్ వచ్చింది.
ఎనభై ఏడేళ్లు, మగవాళ్ల రెయిన్‌కోటు, ఫ్లాస్కు.
రోజూ వస్తుంది,
మా వైపు కాదు, నది వైపు చూస్తూ కూర్చుంటుంది.
ఇవాళ మాత్రం లోపలికి వంగి,
బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది:
"మా అమ్మమ్మ ఇక్కడ పుట్టింది.
నువ్వు బ్యాటరీలు పెట్టుకున్నావే, ఆ గూట్లోనే పడుకోబెట్టేవాళ్లంట."

బ్యాటరీలు తీసేశాను.
ఎందుకో చేతులు తుడుచుకున్నాను.

"బడిలో రాతిపురుగనేవాళ్లంట.
ఇటుక ఇంట్లో పుట్టానని ఊరంతా చెప్పుకుంది,
మొగుడికి కూడా అదే చెప్పింది.
జ్వరంలో ఒక్కసారి నాతో అనేసింది,
తెల్లారి, నేనేమీ అన్లేదే, అంది."
నా పెన్ను వైపు చూసింది.
"రాయకు."

కొండని పోగొట్టకూడదని వచ్చినవాణ్ణి.
ఆవిడ పోగొట్టుకోవాలనుకున్నదాన్ని
ఏ గడిలో పెట్టను?
తీర్జా ఫ్లాస్కు మూత తిప్పి
నాకూ కొంచెం పోసింది.
ఎడమచేత్తో.
తనకి అది తెలుసో లేదో అడగలేదు.

వెలుగు పోయింది. గాట్లు గోడలోకి వెళ్లిపోయాయి.
కింద గ్వెన్‌లియన్ స్కానరుని పసిదానిలా
తువాలులో చుడుతోంది.
బూట్లు దులిపితే
ఎవరిదో పడకగది, గుప్పెడు.

పనిముట్టు గుర్తులు: ఎడమచేతి వాటం.
అది రాశాను, గోడ చెప్పింది కాబట్టి.
ఉపయోగం: తెలియదు.
అదీ రాశాను,
ఏడోసారి.
ఆ ఒక్క మాటే
కాస్త పక్కకి వాలింది.