దిగే దిక్కు

షార్జా తుక్కు బజార్ల
ఎండకు కాగిన తలుపులు గోడకు ఆనుకొని ఉన్నయ్,
ఏ ఇంటివీ కావు.

"హయేస్ అంటే హయేసే, కట్టుకపో" అన్నడు గుల్ జమీర్.
నేను టేపు తీసిన.
ఎత్తు కలిసింది. రోలర్ల నడుమ ఎడం కలిసింది.
తెలుపు గూడ మా తెలుపే, జర పాలిపోయింది.
నూట ఎనభై దిర్హాములకు బేరం తెగింది.

గంగనర్సు టేపు ముట్టలే.
దిగేటోని తీరు నడుము వంచి
లేని బండిలకెళ్లి ఒక కాలు బయటపెట్టిండు.
"ఇటు దిగితే రోడ్డు నడుమ పడ్తరు."

జపాన్ల ఎడమ పక్కకు బతికిన తలుపది.

గుల్ నవ్వి చాయ్ చెప్పిండు.

పొద్దుగాల నాలుగింటికి పద్నాలుగు మంది ఎక్కుతరు.
తాడుతో కట్టిన మా సొట్ట తలుపును
అంచుకు కూసున్న పిలగాడు
సైటు దాంక
పట్టుకునే ఉంటడు.