టేపు మీద ఏం రాసుంది

రాయగడలో జూలై అంటే
గోడలకి కూడా చెమట పడుతుంది.
నాగావళి ఎర్రగా పొంగి
కాగితం మిల్లు పంపుల గొంతులో ఒండ్రు కుక్కుతుంది.
ఆ రోజు మూడో నంబరు ఆగింది.
ప్యానల్ రూములోకి నేను, నా వెనక
మినతి కద్రక, కొత్త అప్రెంటిస్,
బిస్సంకటక్ అవతల కొండ మీది పిల్ల,
స్టీలు డబ్బాలో మండియా జావ తెచ్చుకునే పిల్ల.

నా మెడలో మీటరు. దానికి రెండు తీగలు.
నల్లది కంపెనీది.
ఎర్రది మా గురువు బెవర అప్పలస్వామిది.
రిటైరైన రోజు నా జేబులో కుక్కి
"ఇది నా చెయ్యిరా తవిటీ" అన్నాడు.
పదకొండేళ్ళు.
మీటర్లో గుచ్చే పిన్ను దగ్గర తొడుగు చిట్లితే టేపు చుట్టాను.
టేపు జారితే దాని మీద ఇంకో టేపు.
ఇప్పుడక్కడ ఒక బుడిపె,
ముసలి ఎద్దు మెడ మీద కాడి కాసిన కాయలాగ.
ప్రోబు కొసన వేలు జారకుండా ఉండే అంచు
ఎప్పుడు విరిగిందో గుర్తు లేదు.
ఎక్కడ ఆగాలో నా వేలికి తెలుసు అనుకునేవాణ్ణి.

బ్రేకరు దించాను. తాళం వేశాను. చెవి జేబులో.
మీటరు పెట్టాను. సున్నా.
"చెయ్యి పెట్టు" అన్నాను.

పెట్టలేదు.
నా ఎర్ర తీగ కేసి చూసి
సగం ఒడియాలో, సగం తెలుగులో అడిగింది:
"గురూ, ప్రోబు మీద రాసుంది,
మూడో కేటగిరీ, వెయ్యి వోల్టులని.
నువ్వు చుట్టిన టేపు మీద ఏం రాసుంది?"

ముప్ఫైరెండేళ్ళ సర్వీసు నాది.
నవ్వాను. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

"తెలిసిన చోట పెట్టి చూడు" అంది.
పక్క గోడకి సాకెట్టుంది, దాని దీపం వెలుగుతోంది.
రెండువందల ముప్ఫై ఆరు.
"చూశావా?"
"మీటరు కొంచెం పక్కకి తిప్పు."
తిప్పాను. బుడిపె దగ్గర తీగ వంగింది.
సున్నా.
నిటారు చేశాను. రెండువందల ముప్ఫై ఆరు.
వంచాను. సున్నా.
సాకెట్టు పక్క ఎర్ర దీపం మాత్రం
రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

ఎన్ని సున్నాలు నమ్మాను!
ఎవరెవరి చేతులు పంపాను వాటి లోపలికి!
కేబుల్ గుంటలోంచి బలరాం హికాకా
"లేదు కదా మేస్త్రీ?" అంటే
"లేదు" అన్నాను, తాపీగా, బీడీ ముట్టిస్తూ.
అతనికి ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడమే ఇప్పుడు భయమేసింది.

స్టోర్లో పాణిగ్రాహి కొత్త జత ఇచ్చాడు,
పిన్ను చుట్టూ గొట్టం, వేలు తగలడానికి లోహం లేదు.
"పాతది అలాగే బుట్టలో పారెయ్యకు,
ఎవడో ఏరుకుంటాడు. ముక్కలు చెయ్యి."
ప్లయరు మూడుసార్లు నోరు తెరిచి మూసింది
నాలుగోసారి కొరికింది.
టేపు కింద రాగి పచ్చగా పొడైపోయి
రెండే రెండు పోగులు.
గురువుకి ఫోన్ చేద్దామనుకున్నాను.
పార్వతీపురంలో ఉంటాడు, చెవులు వినపడవు.
చెయ్యలేదు.

వెలుగుతున్న సాకెట్లో ఒకసారి,
పంపు ప్యానల్లో ఒకసారి,
మళ్ళీ సాకెట్లో ఒకసారి.
ఈసారిది నిజం సున్నా.
అప్పుడు పెట్టింది మినతి చెయ్యి.

రాత్రి ఇంటికెళ్ళి
ఇస్త్రీపెట్టె తీగ వంచి చూస్తుంటే
పైడమ్మ "ఏటి సూత్తన్నావ్?" అంది.
చెప్పాను.
"అది రెండేళ్ళ బట్టీ సురుక్కుమంటోంది కదా.
అందుకేగా నేను పీట మీద నించుని
నీ యూనిఫారం ఇస్త్రీ సేత్తన్నది."