సాలుతదా

నాగర్‌కర్నూల్ కోర్టుల ఫ్యాను తిరుగుతున్నది గాని గాలి లేదు.
లాయరు సీలు కవరు విప్పి
దూదిలోంచి దాన్ని అరచేతిలకు ఒంపుకున్నడు.
"డాక్టరమ్మా, ఇదేనా?"
ఇదే.
కందిగింజంత. ఒక పక్క నలిగింది, పంటికింద పడ్డట్టు.

"పిట్టలకు, కుందేళ్లకు వాడే ఇరవై రెండు తూటా ఇది.
డెబ్బై కిలోల దుప్పికి సాలుతదా?
అవునా, కాదా. ఒక్క మాటల చెప్పండి."

బోనుల క్రషరు ఓనరు కొడుకు రిత్విక్
గోళ్లు చూసుకుంటున్నడు.
నేను ఒక్క మాట కోసం వెతుక్కుంటున్న.

వైశాఖం. ఫరహాబాదు గేటు దాటినంక
ట్యాంకరుతోని నీళ్లు నింపే సిమెంటు సాసరు.
అంచుకు గదుమ ఆనిచ్చి పోతుదుప్పి పండుకున్నది.
దూరం నుంచి, నీళ్లు తాగుతున్నదనుకున్న.
దగ్గరికి పోతే ఈగలు లేసినయి.
అది లేవలే.

బల్ల యాడిది? తునికి కొమ్మలు పరిచి కోసిన.
తోలు మీద రంధ్రంల నా చిటికెనవేలు పట్టలే.
రెండు చుక్కల నడుమ ఇంకో చుక్క, అంతే.
లోపట పేగు మూడు తావుల చిల్లి,
నాలుగు రోజుల చీము,
అరగని ఇప్పపూలు.
తూటా పక్కటెముకకు తగిలి, దారి తప్పి,
వెన్నుపక్క కొవ్వుల దాక్కుని దొరికింది.

అచ్చంపేటల బ్రహ్మచారి కొట్టుకు తీస్కపోయి
బంగారం తూచే తక్కెడల పెట్టమన్న.
రెండున్నర గ్రాములు.
"సన్నటి ఉంగరమైతది" అన్నడు,
ఏందని అడగకుండ.

చిగుర్ల బయ్యన్న, బేస్ క్యాంపు వాచరు,
దుప్పి వచ్చిన తొవ్వను ఎనకకు చదివిండు.
ఇగో, ఈడ పండుకున్నది.
ఈడ మంద పోయింది, ఇది ఆగింది.
ఈడ ఎనక కాలు ఈడ్చింది.
ఎండిన వాగుల నిలబడి ఇసుక వాసన చూసింది, చాలసేపు.
నేను ఆయాసపడుకుంట నడిచిన.
నల్లమద్దుల నీడ కూడ కాలుతున్నది.
పన్నెండు కిలోమీటర్లకు జాడ మొదలు దొరికింది:
జీపు టైర్ల అచ్చు, రెండు బీరు మూతలు.
దిగిన చెప్పుల గుర్తు ఒక్కటి లేదు.

బయ్యన్న అక్కడ్నే కూలబడి చుట్ట ముట్టించిండు.
"మా తాత బాణం కూడ సన్నదే అమ్మా.
ఏసుడు సగం పని.
తాకినదాని ఎంట పొద్దుగూకేదాక నడుసుడు తక్కిన సగం.
ఈల్లు బండి సుత దిగలే."
జరసేపు పొగ ఇడిసి,
"తాకలేదనుకున్నరో ఏమో.
ఈ తుపాకి ఎండుపుల్ల ఇరిగినంతనే మోగుతది.
దుప్పి కూడ జోరీగ కుట్టినట్టే దుంకుంటది."

ఆ 'ఏమో' ఇయ్యాల్టిదాక నా గొంతుల ఉన్నది.
దాని మీద జాలి పడాల్నో, దాన్ని ఉమ్మెయ్యాల్నో తెల్వలే.

కోర్టు చూస్తున్నది.
చంపనీకి సాలది సార్, అన్న.
లాయరు నవ్వి టైపిస్టుకు సైగ చేసిండు.
సావనీకి సాలింది, అన్న.
మిషను ఆగింది.
"రెండిట్ల ఏది కొట్టాలె సార్?"
జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నరు,
మళ్ల పెట్టుకున్నరు, మళ్ల తీసిన్రు.

అప్పుడు జారింది అది, లాయరు చేతిలోంచి.
టిక్కుమని ఒక్క చప్పుడు, తర్వాత ఏం లేదు.
బంట్రోతు మోకాళ్ల మీద, కానిస్టేబులు ఫోను లైటు పట్టుకొని,
లాయరు నల్లకోటు నేల ఊడ్చుకుంట,
నేను కూడ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి,
బెంచీల కింద
రెండున్నర గ్రాముల సాక్ష్యం కోసం.

"ఆడ. మూడో బెంచి కాలు పక్కన, బండ పగులుల."

అన్నది రిత్విక్.
బోనుల నుంచి కదలకుండ,
ఇరవై అడుగుల దూరం నుంచి.

"కన్ను మంచిదే" అన్నడు బయ్యన్న,
ఎవరితోనో కాదు.