సాధనాలు

రేపు అయిదింటికి గడువు.
పెండ్లి పత్రిక వెనక, తెల్ల జాగల
మూడేండ్ల బతుకు గీసుకుంటున్న.
ముందువైపు మరాఠీ అక్షరాలల్ల
మా పెదనాయిన బిడ్డ లగ్గం,
వెనకవైపు ఆరు సెమిస్టర్లకు ఆరు గడులు.

ఇతిహాసం తీసుకుంటున్ననే అంటే
అవ్వ పొయ్యి కాడి నుంచి మొఖం తిప్పి
"పాండవుల కథనా? గది నాకొస్తది,
దానికి కాలేజెందుకు?" అన్నది.
బడి భాషల ఇతిహాసమంటే చరిత్ర అని
ఇంటి భాషల చెప్పబోయి ఆగిన.
ప్రాణహిత దాటొచ్చేసరికి
ఎక్కిన మాట ఒకటి, దిగే మాట ఇంకొకటి.

వాసేకర్ సర్ ఫోన్ జేసిండు.
"రాజ్యశాస్త్రం రాసెయ్ సారికా,
తలాఠీ పరీక్షకు అక్కరకొస్తది.
ఇతిహాసమంటే సరే,
మల్ల ఈ సంస్కృతి పేపర్లేంది?
ముసలోళ్ల పాటలు రాసుకుంటె కడుపు నిండుతదా?"
"ఊఁ" అన్న.
అంతల చార్జింగు అయిపోయింది, నయం.

మొదటి గడిల పాత రాజ్యాలు. తప్పదు.
రెండో దాంట్ల కోటలు.
కోటల పేర్లు నిద్రల లేపినా చెప్త,
ఒక్క కోటా కండ్లజూడలె.
మా సిరొంచకు పుణె ఎంత దూరమో,
పుణెకు మా సిరొంచ
అంతకు పదింతలు దూరం.
మూడో గడిల జానపదం.
ఎనిమిది మంది చేరకుంటే ఆ పేపరు నడవదట.
నేనొకదాన్ని, అంకీసా బస్సుల వచ్చే
తలండి సునందొకతి.
ఇంక ఆరుగురు కావాలె.
నాలుగో గడిల ఏదో రాసి కొట్టేసిన,
ఏం రాసిననో ఇప్పుడు నాకే కనవడతలేదు.

చిన్నప్పటి పుస్తకంల మొదటి పాఠం:
ఇతిహాసానికి సాధనాలు మూడు,
వస్తువులు, రాతలు, నోటి మాటలు.
మా తాతకు సాధనమంటే తెడ్డు.
వంతెన పడ్డ ఏడు
అది బట్టలారేసే దండెమయింది.
ఇప్పుడు కూడ దాని మీద
నా కాలేజి చున్నీ నీళ్లు కారుతున్నది.

ఈ వానకు పొయ్యింటి గోడ సున్నం
పొలుసులు పొలుసులుగ రాలింది.
కింద బొగ్గు గీతలు.
ఒకటి పక్కన ఒకటి, నిటారుగ,
పడవెక్కెటందుకు నిలబడ్డ మనుషుల లెక్క.
"మీ తాతవే," అన్నది అవ్వ.
"నావెక్కి పైసలియ్యనోళ్లవి.
మనిషికో గీత."

నా చెయ్యి ఊకోలె. గబగబ ఆరో గడిల రాసిన:
నావ బాకీలు.
బుడ్డి దీపం పట్టుకొని "ఎవరెవరే?" అన్న.
అవ్వ ఏలు గోడ మీద నడిచింది.
ఇది నొప్పులు పడంగ దాటిన పిల్లతల్లిది,
ఇది పీనుగను తెచ్చినోళ్లది,
నలుగురికి ఒక్కటే గీసిండు మీ తాత,
ఇది ఉప్పు బస్తాలాయినది, మస్తు పిసినారి.
కడకున్న గీత కాడ ఏలు ఆగింది.
"వీడు నడిజామున ఒక్కడే దాటిండు.
మల్ల రాలె."
పేరేందవ్వా?
పొయ్యిల కట్టె ముందుకు నూకింది.
"రాయకు.
వాని మనుమరాలు అంకీసా బస్సు దిగుతది."

పుస్తకంల సాధనాలు మూడే.
తెలిసి దాసిపెట్టినదాన్ని
ఏ వరుసల కలపాలెనో ఆ పాఠంల లేదు.
వాసేకర్ సర్‌ను అడుగుదామంటే
తలాఠీ పరీక్షల రాదంటడు.

ఆరో గడి కింద చిన్నగ రాసుకున్న:
పేర్లు అవ్వనడగాలె.
మల్ల దాని కిందనే: అడగొద్దు.
రెండూ ఉండనిచ్చిన.

పొద్దున ఫారం మీద
నాకూ మా ఇంటిపేరుకూ నడుమ
నాయిన పేరు ఇరికిస్తరు, సారిక పోచం దుర్గం.
మాతృభాష అని ఒక గడుంటది,
అండ్ల ఒక్కటే పడుతది.
సంతకం పెట్టి, యాభై రూపాయలు కట్టి
బస్టాండుకు పోత.
సునంద దిగినంక
ఇద్దరం కలిసి తిరగాలె.
ఇంక ఆరుగురు కావాలె.