తొందర మనిషి

లొరోజాలో సీసా బిరడాల ఫ్యాక్టరీ, వెనకగది.
జుల్మీరా ఒక్కతే మేలుకుని ఉంది.
కార్డు నంబరు అడిగింది స్క్రీను,
ముప్పై రోజులూ పైసా పట్టుకోనని ఒట్టేసింది,
కిందే చిన్నక్షరాల్లో, మిషను తిరిగినంతసేపూ
గంటకింత అద్దె అంది.
ఏ ఊళ్ళో పెట్టమంటావ్ మిషన్ని?
డబ్లిన్ అని నొక్కింది.
అక్కడ వాన పడుతుందని తప్ప ఏమీ తెలీదు.

నలభై నిమిషాలు చక్రం తిరిగింది. కాఫీ చల్లారింది.
తలుపు తెరుచుకుంటే
లోపల అప్పటికే ఒక కంపెనీ కాపురం చేస్తోంది!
సైకిళ్ళ వ్యాపారం. బాకీ పడ్డవాడు ఒక్కడూ లేడు.
గుమాస్తాలందరికీ ఒకటే పాస్‌వర్డు.
ఇంత శుభ్రమైన చిట్టా
పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు.

సైకిళ్ళు చెరిపి
కార్కు బెరడు అని రాసింది.
సరుకు మళ్ళీ ఎన్ని రోజులకి?

దక్షిణాన అలెంతేజు తోటలో
చెట్టు ఒలిచిన ఏడే
ఆ ఏటి చివరంకె మానుమీద తెల్లరంగుతో వేస్తాడు అబీలియో.
తొమ్మిదేళ్ళు నిండేదాకా
గొడ్డలిని ఆ పక్కకి పోనివ్వడు.

వేళ్ళమీద లెక్కేసి, లీపు రోజులు కలిపి
మూడువేల రెండువందల ఎనభై ఏడు కొట్టింది.
ఎర్రగీత.
గడిలో మూడంకెలే పడతాయిట.
తొమ్మిదివందల తొంభై తొమ్మిది పెట్టి
తప్పు చేసినదానిలా అటూ ఇటూ చూసింది.

కారుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది,
మిషను ఆపడం మరిచిపోయి.

పొద్దున్న అబీలియో అడిగాడు, ఎలా ఉందీ కొత్తది?

మంచిదే పాపం.
కాస్త తొందర మనిషి.