మొదటి రాత్రి

బాల్కనీ అన్నాడు విహారి.
"కుక్క కుక్కలాగే పెరగాలి" అని
అట్టపెట్టె కూడా సిద్ధం చేశాడు.
మిక్సీ వచ్చిన పెట్టె,
వారంటీ కార్డు ఇంకా అందులోనే ఉంది.

డిసెంబరు. బెంగళూరు చలి ఎంతో
బాల్కనీ గ్రిల్లు ముట్టుకుంటే తెలుస్తుంది.
వద్దన్నాను.
వంటింట్లోనా? బియ్యం బస్తా చింపుతుంది.
బాత్రూం, అనబోయి
నాలిక కరుచుకున్నాను.

చివరికి హాల్లో, చెప్పుల స్టాండు పక్కన.
కింద నా పాత చున్నీ,
చున్నీ కింద వేడినీళ్ల సీసా.
లైటు తీసేశాం.

పదకొండున్నరకి మొదలుపెట్టింది.
అరుపు కాదు, ఊళ కాదు,
నూనె లేని తలుపు బందు
ఎవరో ఆపకుండా తిప్పుతున్నట్టు.
కింద ఓనరు సర్వమంగళ గారి కిటికీ వెలిగింది.
అగ్రిమెంటులో కుక్క ఉండొచ్చని లేదు,
కూడదనీ లేదు.

నేనీ ఊరొచ్చిన కొత్తలో
మడివాళ పీజీలో నాకిచ్చిన మంచం
సరిగ్గా చెప్పుల స్టాండు పక్కనే.
కొత్తవాళ్లకి అదేనట.
"ఒక్క వారమే" అంది పీజీ ఆంటీ.
నైట్ షిఫ్టు పిల్లలు తెల్లారుజామున
నా తలగడ పక్కనే చెప్పులు విదిల్చేవాళ్లు.
దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేదాన్ని.
ఇలా వీధంతా వినేలా ఏడవొచ్చని
అప్పుడు తట్టలేదు.
పదకొండు నెలలున్నాను అక్కడ.

లేచి, పెట్టె తెచ్చి
మంచం పక్కన, నా చెయ్యి వేలాడే చోట పెట్టాను.
చల్లటి ముక్కు వేళ్లన్నీ లెక్కపెట్టుకుంది,
చిటికెన వేలు దగ్గర ఆగింది.

"ఈ ఒక్క రాత్రే" అన్నాడు విహారి
కళ్లు తెరవకుండానే.
"ఆ, ఒక్క రాత్రే" అన్నాను
అచ్చం ఆ పీజీ ఆంటీ గొంతుతో.