కటకటాల పక్కన మనిషి

మేనకోడలు మౌక్తిక నర్సు.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి
డాబాగార్డెన్స్‌లో ఓ మేడ మీద జర్మన్ నేర్చుకుంటోంది.
ఆ వేళ పాఠం: కాన్‌త్స్‌లర్.
"అంటే వాళ్ల ప్రభుత్వానికి పెద్ద, మామయ్యా.
లాటిన్ నుంచి వచ్చిన మాట. అసలర్థం ఏటో తెలుసా?
న్యాయస్థానంలో కటకటాల పక్కన కూచునే గుమస్తా."

నా చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది.

ముప్పై నాలుగేళ్లు
జిల్లా కోర్టు మూడో హాల్లో
ఆ కటకటాల పక్కన కూచున్నది నేనే.
అటు జడ్జిగారు, ఇటు జనం,
నడుమ సముద్రపు ఉప్పుగాలికి తుప్పెక్కిన ఊచలు,
ఊచల పక్కన స్టూలు, కాగితాల కట్టలు, నా కళ్లజోడు.
మూడుసార్లు పేరు పిలిచేవాణ్ణి.
గాజువాక గట్టు తగాదా, జాలారిపేట వల తగాదా.
ఎవరి కాగితం లోపలికి వెళ్లాలో
ఎవరిది వాయిదా దాకా ఆగాలో
కొంచెం, కొంచెమే, నా వేళ్లకీ తెలిసేది.

"మరి ఆ గుమస్తా అంత పెద్దోడెలా అయ్యేడే?"

నిద్ర కళ్లతో చెప్పింది, పుస్తకం ఒళ్లో పెట్టుకుని.
మొదట రాజుల ముద్ర మోసేడట.
మోసేవాడికి అది ఎక్కడ పడాలో తెలిసిపోతుంది కదా.
చాలా శతాబ్దాల తర్వాత ఒకడు, మీసాలూ యూనిఫారమూ,
చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేని కుర్చీని
తన ఒంటి కొలతకే చేయించుకున్నాడు.
కుర్రచక్రవర్తి వచ్చి పొమ్మన్నాడు. పోయాడు.
ఓడిన యుద్ధం తర్వాత
పద్నాలుగేళ్లలో డజను మంది,
కుర్చీ వేడెక్కకుండానే లేచిపోయేవారు.
దింపడానికి చేతులు కలిసేవి,
ఎక్కించడానికి కలిసేవి కావు.
ఆ సందులోంచి ఒకడొచ్చాడు.
అతని పేరు దగ్గర మౌక్తిక పేజీ తిప్పేసింది.
తిప్పినా అట్ట మీద నీడ కనబడుతోంది:
కటకటాలు కోర్టు దాటి ఊళ్ల చివరికి వెళ్లాయి,
వాటికి ముళ్లు మొలిచాయి.

తర్వాత నాలుగేళ్లు ఆ కుర్చీయే లేదు.
మళ్లీ వేసింది ఓ చిన్న ఊళ్లో, నది ఒడ్డున.
మొదటాయన గెలిచింది ఒక్కటంటే ఒక్క ఓటుతో.
ఈసారి షరతు రాసుకున్నారు:
ఉన్నవాణ్ణి దింపాలంటే
వచ్చేవాడి పేరు ముందు చెప్పు.
ఇంకో యాభై ఏళ్లు దాటాక ఒకావిడ కూచుంది, పదహారేళ్లు.
ఆవిడ కోసం మాట చివర 'ఇన్' చేరింది.
"కాన్‌త్స్‌లరిన్," అంది మౌక్తిక, రెండుసార్లు,
పరీక్షలో వస్తుందని.

నాకు మాత్రం ఆ షరతే పట్టుకుంది.

మొన్న పెన్షన్ పని మీద కోర్టుకెళ్లాను.
తుప్పు గోకకుండానే ఊచలకి పచ్చరంగేశారు.
నా స్టూలు మీద ఎవరూ లేరు.
ఏడాదిన్నరయింది, పోస్టు ఖాళీ.
ఎర్రదారం కట్టిన ఫైళ్లు కూచున్నాయి, ఒకదాని మీద ఒకటి.
కటకటాలకి ఇవతల నిలబడితే
ఆ హాలు ఎంత పెద్దదో మొదటిసారి తెలిసింది.

భీమిలి నుంచి వచ్చిన ముసలాయన,
చేతిలో తడిసి ఆరిన కాగితం,
"బాబూ, మా పేరు పిలిచేసేరేటి?" అన్నాడు.

పిలిచే హక్కు నాకిప్పుడు లేదు.
ఆగండి, అన్నాను.
జేబులో కళ్లజోడు కోసం వెతికాను.